మిస్ట్ దీవికి మళ్లీ వెళ్లే వారి కోసం

1990లలో సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో ‘మిస్ట్’ అనే పజిళ్ల ఆట ఆడినవారు దాని కథను చాలావరకు మరచిపోయి ఉండవచ్చు. అయినా రేవు చెక్కల మీద ఒంటరిగా నిలబడటం, గట్టు మీద కనిపించే పెద్ద పళ్ల చక్రాలు, చుట్టూ నీళ్ల చప్పుడు, ఎవరూ పలకరించని ఆ నిశ్శబ్దం మాత్రం గుర్తుండే ఉంటాయి. ఆ దీవిని తయారుచేసిన సయాన్ సంస్థే దాన్ని మొత్తం కొత్తగా నిర్మించి 2020 డిసెంబరులో కళ్లకు పెట్టుకుని ఆడే క్వెస్ట్ వీఆర్ హెడ్‌సెట్‌కు, 2021 ఆగస్టులో మామూలు కంప్యూటర్లకు విడుదల చేసింది. చిన్ననాడు ఆడిన వారు ఇప్పుడు ఈ రీమేక్‌లో అడుగుపెడితే సాధారణంగా రెండు రకాల ఇబ్బంది ఎదురవుతుంది. కొందరికి జవాబు గుర్తుంటుంది గాని అది ఎలా వచ్చిందో గుర్తుండదు. అంకె నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది, ఆనందం మాత్రం ఉండదు. మరికొందరికి ఏమీ గుర్తుండదు గాని, పెద్దయ్యాక ఓపిక తగ్గి, పది నిమిషాలకే ఫోన్‌లో పరిష్కారాలు వెతకడం మొదలుపెడతారు. ఈ రెండింటినీ తప్పించుకుని, ఆ పజిళ్లను మళ్లీ స్వయంగా విప్పుకోవాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో ఏ పజిల్‌కూ జవాబు ఇవ్వడం లేదు.

ముందుగా పాత ఆట ఎలా తయారైందో కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే రీమేక్‌లో మన నడక ఎలా ఉండాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ నగర ప్రాంతంలో, రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు మాకింటాష్‌లోని హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రామ్‌తో ఈ ఆటను రూపొందించారు. అది 1993 సెప్టెంబరు 24న విడుదలైంది. విండోస్‌కు మరుసటి ఏడాది వచ్చింది. ఆటంతా దాదాపు 2,500 నిశ్చల చిత్రాలు. మౌస్ నొక్కితే ఒక చిత్రం పోయి ఇంకొకటి వచ్చేది, అంతే. నటులను పెట్టుకునే స్తోమత లేక కథలోని తండ్రి అట్రస్, కొడుకు అఖెనార్ పాత్రలను రాండ్, ఇంకో కొడుకు సిరస్ పాత్రను రాబిన్ స్వయంగా వేశారు. 2002లో ‘ద సిమ్స్’ దాటేవరకు ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన కంప్యూటర్ గేమ్ ఇదే. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2012లో తొలిసారిగా వీడియో గేమ్‌లను తన సేకరణలోకి తీసుకున్నప్పుడు ఎంచుకున్న పద్నాలుగింటిలో మిస్ట్ కూడా ఒకటి.

చిత్రాలు నిశ్చలంగా ఉండటం వల్ల ఆనాడు మనం ఒక్కో బొమ్మ ముందు చాలాసేపు ఆగిపోయేవాళ్లం. కుడి మూలన ఉన్న చిన్న గుర్తు, గోడ మీది మీట, అన్నీ కంటపడేవి, ఎందుకంటే చూడటం తప్ప చేసేదేమీ లేదు. రీమేక్‌లో ఎటు కావాలంటే అటు నడవవచ్చు, పరుగెత్తవచ్చు, తల ఎత్తి ఆకాశం చూడవచ్చు. ఈ స్వేచ్ఛ చాలా అందమైనదే గాని, పరుగెత్తే అలవాటు పడితే సూచనలు పక్కనుంచే జారిపోతాయి. అందువల్ల నేను గట్టిగా చెప్పే మొదటి మాట ఇది: కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ గుమ్మంలో ఆగి, పాత ఆటలో నాలుగు బొమ్మలు చూసినట్టుగా నాలుగు వైపులా ఒక్కో వైపు కాసేపు చూసి, ఆ తరువాతే లోపలికి అడుగు వేయండి.

ఏ కూర్పు తీసుకోవాలి

‘మిస్ట్’ పేరుతో దుకాణాల్లో ఒకటికి మించిన కూర్పులు కనిపిస్తాయి కాబట్టి కొనే ముందు సరిచూసుకోవడం అవసరం. 2000లో వచ్చిన ‘రియల్‌మిస్ట్’ ఆ దీవిని మొదటిసారి పూర్తి త్రీడీలోకి తెచ్చింది, ‘రైమ్’ అనే అదనపు లోకాన్ని కూడా చేర్చింది. దాన్ని మెరుగుపరచిన ‘రియల్‌మిస్ట్: మాస్టర్‌పీస్ ఎడిషన్’ 2014లో వచ్చింది. పాత పద్ధతిలో నొక్కుతూ ముందుకు సాగే ఏర్పాటు అందులో ఉంది కాబట్టి, చేతులు వణికే పెద్దవారికి, త్రీడీ ఆటల్లో తల తిరిగేవారికి నేను దాన్నే సూచిస్తాను. మిగిలిన వారు పేరు పక్కన ఏ అదనపు మాటా లేకుండా ‘మిస్ట్’ అని మాత్రమే ఉండే కొత్త రీమేక్ తీసుకోవాలి. అది స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో దొరుకుతుంది; ‘రైమ్’ దీనిలో కూడా 2024లో ఉచిత అప్‌డేట్‌గా చేరింది. తగ్గింపు ధరల రోజులు తరచుగా వస్తుంటాయి కాబట్టి తొందర లేనివారు కొన్ని వారాలు ఆగితే మంచిది. గ్రాఫిక్స్ కార్డ్ లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇది సాఫీగా నడుస్తుందని ఆశించవద్దు. దుకాణం పేజీలో రాసిన కనీస అవసరాలను మీ యంత్రంతో ఒకసారి పోల్చుకోండి.

హెడ్‌సెట్‌తో ఆడాలా, తెర మీద ఆడాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మొదటిసారి తెర మీదే ఆడండి. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ రేవు మీద నిజంగా నిలబడినట్టే ఉంటుంది, కాదనను. కాని ప్రతి సూచననూ కాగితం మీదకు ఎక్కించడానికి దాన్ని తీస్తూ పెడుతూ ఉండాలి, మిస్ట్ ఆడటంలో సగం పని రాసుకోవడమే. హెడ్‌సెట్‌తోనే ఆడతామనేవారు నడకను టెలిపోర్ట్‌కు (చూపిన చోటికి ఒక్కసారిగా చేరే పద్ధతికి), మలుపును దశలవారీగా తిరిగే పద్ధతికి మార్చుకుంటే వికారం తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు

కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు పజిళ్ల జవాబులను మార్చే ఐచ్ఛికం ఒకటి కనిపిస్తుంది. పాత ఆట ఆడినవారందరూ దాన్ని తప్పకుండా ఎంచుకోవాలి. ఈ రీమేక్‌లో నాకు అన్నింటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. దాన్ని ఎంచుకుంటే పజిల్ విప్పే పద్ధతి పాతదే ఉంటుంది గాని అంకెలు, సంకేతాలు మారిపోతాయి. చిన్నప్పటి నుంచి తలలో ఉండిపోయిన ఆ మూడంకెల సంఖ్యతో బీరువా తెరుచుకోదు. ఇంటర్నెట్‌లోని పాత పరిష్కారాల్లో సగం కూడా పనికిరాకుండా పోతాయి కాబట్టి చూడాలన్న కోరిక కూడా తగ్గుతుంది. ఎన్నడూ ఆడని వారికి మాత్రం దీని అవసరం లేదు.

పాత్రలు కనిపించే తీరును కూడా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. కొత్త త్రీడీ బొమ్మలకు బదులు, 1993లో మిల్లర్ సోదరులు నటించిన అసలు వీడియోనే చూసే వీలుంది. ఎర్ర పుస్తకంలోనూ నీలి పుస్తకంలోనూ చిక్కుకున్న సిరస్, అఖెనార్‌లు మాట మాటకూ తెగిపోతూ, గరగరమంటూ మాట్లాడిన తీరు మీకు గుర్తుంటే పాత వీడియోనే పెట్టుకోండి. ఇంగ్లీషు ఉపశీర్షికలు ఆన్ చేసుకోండి. తెలుగులో ఈ ఆట లేదు. ఆ తరువాత గదిలో దీపం తగ్గించి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మరచిపోవద్దు. దీనిలో శబ్దం అలంకారం కోసం పెట్టినది కాదు. ఒక పెద్ద పజిల్‌ను పూర్తిగా చెవులతోనే విప్పాలి.

నోట్‌బుక్

1993 నాటి పెట్టెలో సీడీతో పాటు ఒక ఖాళీ నోట్‌బుక్ కూడా ఉండేది. ఆట తయారుచేసినవారే రాసుకోవడానికి పుస్తకం ఇచ్చారంటే, రాసుకోకుండా దీన్ని ఆడలేమని వారికి ముందే తెలుసు. రీమేక్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటాం కాబట్టి ఆ పుస్తకం మనమే తెచ్చుకోవాలి. గళ్ల కాగితాల పుస్తకం అన్నింటికన్నా మేలు. సైన్సు రికార్డు పుస్తకంలా ఒక వైపు గీతలు, ఒక వైపు తెల్ల కాగితం ఉన్నది దొరికితే ఇంకా మంచిది: తెల్ల పేజీలో బొమ్మ, గీతల పేజీలో దాని గురించి మీ ఆలోచన.

1997 వేసవిలో సికింద్రాబాద్‌లోని మా మామయ్య ఇంట్లో అక్కా నేనూ ఈ ఆట ఆడినప్పుడు మా దగ్గర ఉన్నది ఒక పాత లెక్కల పుస్తకం, దాని వెనుక మిగిలిన పేజీలు. దీవిలోని అంతరిక్ష నౌకలో ఒక చివర ఆర్గాన్ అనే వాయిద్యం, ఇంకో చివర జరిపే మీటలు ఉంటాయి; ఆర్గాన్ మీద విన్న అయిదు స్వరాలను గుర్తుపెట్టుకుని, అటు నడిచి, మీటలను అదే స్థాయికి జరపాలి. ఆ నాలుగు అడుగుల్లోనే నాకు శ్రుతి పోయేది. సంగీతం నేర్చుకుంటున్న అక్క మొదటి మెట్టును ‘స’ అనుకుని మిగిలిన వాటిని ‘గ’, ‘ప’ అని పేజీ అంచున రాసి, అవతలి చివర చిత్రం వచ్చేవరకు లోలోపల పాడుకుంటూ ఉండేది. మీట ఆమె పాటకు కలిసినప్పుడు తల ఊపేది, నేను అక్కడ చేయి ఆపేవాణ్ని. కొత్త రీమేక్‌లో స్వరాలు మారినా ఆ పద్ధతి అలాగే పనిచేసింది. ఈసారి ఫోన్‌లో అక్క అవతలి వైపు నుంచి పాడింది. సంగీతం రానివారు ఫోన్‌లో శ్రుతి చూపే ఉచిత యాప్ వాడుకోవచ్చు. దాన్ని మోసం అనుకోనక్కరలేదు, ఏ స్వరాలు కావాలో కనుక్కోవడమే అసలు పజిల్.

ఫోన్‌తో తెర ఫోటో తీసుకుంటే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. తీసుకోండి, కాని దాన్ని చూసి చేత్తో ఒకసారి గీయండి. ఫోటోలో ఉన్నవన్నీ ఒకే బరువుతో ఉంటాయి. గీసేటప్పుడు ఏది ముఖ్యమో చేయి ఎంచుకుంటుంది. దీవి గ్రంథాలయంలోని నక్షత్రాల బొమ్మలను నేను ఫోటోలుగానే ఉంచుకున్నప్పుడు అక్కడి ప్లానెటేరియంలో గంట సేపు తడబడ్డాను. గీసుకున్న తరువాత కుర్చీలో వాలి పైకి చూడగానే ఆకారం కనిపించింది.

మొదటి గంట

రేవు నుంచి పైకి వెళ్లే దారిలో నేల మీద ఒక ఉత్తరం పడి ఉంటుంది. అది అట్రస్ తన భార్య కేథరిన్‌కు రాసినది. దీవిలో చాలా చోట్ల ఉన్న గుర్తు మీటలను లెక్కపెట్టి, ఆ సంఖ్యను రేవు పక్కనున్న గదిలోని యంత్రానికి ఇవ్వమని అందులో ఉంటుంది. ఈ లెక్కను పాత జ్ఞాపకంతో పూర్తి చేయవద్దు. దీవి చుట్టూ తిరిగి ఒక్కో మీటనూ చేత్తో పైకి ఎత్తుతూ వెళితే, ఏ కట్టడం ఎక్కడుందో తెలియకుండానే మనసులో పటంగా కూర్చుంటుంది. ఆ తిరుగుడు కోసమే తయారీదారులు ఆ లెక్క పెట్టారని నా నమ్మకం.

తరువాత గ్రంథాలయానికి వెళ్లి కూర్చోండి. కాలిపోగా మిగిలిన పుస్తకాల్లో నాలుగు లోకాల గురించి అట్రస్ రాసుకున్న దినచర్యలు ఉంటాయి. ఆటలో ఈ లోకాలను ‘ఏజ్’ అంటారు: సెలెనిటిక్, స్టోన్‌షిప్, మెకానికల్, ఛానెల్‌వుడ్. చిన్నప్పుడు మనలో చాలామంది ఇంగ్లీషు గట్టిగా రాక ఈ పేజీలను గబగబా తిప్పేశాం. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదవండి. పజిళ్లకు కావలసిన సూచనలు కొన్ని బొమ్మల్లో ఉన్నాయి, నిజమే. కాని ఆ తండ్రి తన కొడుకుల గురించి రాసిన మాటల మధ్య పెరిగే అనుమానాన్ని పట్టుకుంటేనే చివర ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది. పెద్దయ్యాక, ముఖ్యంగా పిల్లలు ఉన్నవారు, ఈ పేజీలను చదివే తీరే వేరుగా ఉంటుంది.

గ్రంథాలయం గోడకు దీవి పటం ఒకటి ఉంటుంది. దాన్ని కూడా మీ పుస్తకంలోకి ఎక్కించుకుని, మీరు ఎత్తిన మీటలున్న చోట్ల పేర్లు రాసుకోండి. ఇకపై ఆ పటమే మీ కేంద్రం.

లోకాల వరుస, ఒక్కో లోకానికి ఒక పద్ధతి

నాలుగు లోకాలను ఏ వరుసలోనైనా ఆడవచ్చు. అయినా నా సలహా ఒక్కటే గట్టిగా ఉంది: సెలెనిటిక్ కన్నా ముందు మెకానికల్ పూర్తి చేయండి. మెకానికల్‌లో ఒక యంత్రాన్ని తిప్పేటప్పుడు వినిపించే చిన్న చిన్న శబ్దాలను, అవి ఎప్పుడు వస్తున్నాయో సహా, పుస్తకంలో మీకు తోచిన మాటల్లో ‘టింగ్’ అనో ‘బుస్’ అనో రాసుకోండి. అవి ఎందుకో అప్పుడు తెలియదు. తరువాత సెలెనిటిక్‌లోని భూగర్భ దారుల్లో ఆ పేజీ తెరిచి చూడండి. వరుస తారుమారు చేసిన వారిలో చాలామంది ఆ దారుల్లోనే గంటల తరబడి తిరిగి ఆట వదిలేశారు. మేము కూడా 1997లో అక్కడే ఆగి, మామయ్య కొత్త సీడీ తెచ్చాక మిస్ట్‌ను వదిలేశాం.

దీవిలోని విద్యుత్ గదికి వేరే పద్ధతి ఉంది. పది మీటలు, రెండు మాపకాలు, ఒక హద్దు. హద్దు దాటితే స్తంభం ఎక్కి బ్రేకర్ సరిచేసి రావాలి. తోచినట్టు నొక్కుతూ పోకుండా, ఒక్కో మీటను విడిగా నొక్కి ఎంత పెరిగిందో పట్టిక రాసుకోండి, ఆపేయండి, తరువాతిది నొక్కండి. పది అంకెలు చేతికి వచ్చాక మిగిలింది మూడో తరగతి కూడిక.

స్టోన్‌షిప్‌లో చేత్తో తిప్పే జనరేటర్ ఇచ్చే వెలుగు కొంతసేపే ఉంటుంది కాబట్టి, తిప్పే ముందే ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోండి. ఛానెల్‌వుడ్‌లో నీళ్లు గొట్టాల్లో ఎటు పారుతున్నాయన్నదే మొత్తం ఆట. పొలంలో కాలువ తూములు తెరిచి మూసే అనుభవం చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది: కొమ్మల బొమ్మ గీసి, ప్రతి చీలిక దగ్గర కవాటం ఎటు తిరిగి ఉందో బాణం గుర్తు పెట్టుకుని, చెట్ల మీది గుడిసెల దగ్గర ఏ యంత్రానికి నీరు కావాలో అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి. గొట్టం పక్కన నిలబడి చెవి పెడితే లోపల నీటి చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఎక్కడైనా చిక్కుకుంటే ముందు ఆట ఆపి నిద్రపోండి. ఇది తేలికగా అంటున్న మాట కాదు. మిస్ట్ పజిళ్లలో నాకు ఎక్కువ భాగం తెగింది తెల్లవారి పళ్లు తోముకునేటప్పుడే. మరునాడు కూడా తెగకపోతే మీ నోట్‌బుక్‌లో ఇంతవరకు ఎక్కడా ఉపయోగించని బొమ్మలు ఏవి మిగిలాయో చూడండి, వాటి పక్కన ఎర్ర సిరాతో ప్రశ్న గుర్తు పెట్టండి. అసలు రాయకుండా వదిలిన గదులుంటే అక్కడికి వెళ్లిరండి. మూడో రోజు కూడా ఫలితం లేకపోతే సూచన చూడవచ్చు, కాని పూర్తి పరిష్కారాన్ని ఇచ్చే పేజీకి బదులు మెట్టు మెట్టుగా సూచన ఇచ్చేదాన్ని వెతుక్కుని, ఒక్క మెట్టు చదివి మూసేయండి. చదివిన మాటను కూడా పుస్తకంలో రాసి, ఇది మనం కనుక్కున్నది కాదని గుర్తు పెట్టుకుంటే తరువాత తిరగేసినప్పుడు మనకు మనం నిజాయితీగా ఉంటాం.

పిల్లలతో ఆడేటప్పుడు

ఇద్దరు ఆడటానికి మిస్ట్‌కు మించిన ఆట నాకు తెలియదు. మౌస్ పిల్లల చేతిలో ఉండాలి, పెన్సిలు మీ చేతిలో ఉండాలి. లేదా దానికి తిరగేసి. జవాబు మీకు తెలిసినా నోరు కట్టుకోవడం కష్టం కాబట్టే అంకెలు మార్చే ఐచ్ఛికం ఇక్కడ కూడా అవసరం: అప్పుడు ఇద్దరికీ తెలియదు. దినచర్యలను మీరు తెలుగులో చెబుతూ చదివి వినిపించండి. మామయ్య మాకు అలాగే చేశాడు. ఆయన ‘ఆ పిల్లలకు చెట్ల మీద ఇళ్లు చూపించాడంట’ అంటూ కథలా చెప్పడం వల్లే ఛానెల్‌వుడ్ మాకు ఊరి పక్క తోపులా అనిపించింది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. గుర్తు మీటల లెక్కలో వాడు నన్ను రెండుసార్లు సరిదిద్దాడు. పూర్తిగా ఖాళీగా ఉన్న ఆ ఇళ్లలో కొన్ని గదులు, ముఖ్యంగా అఖెనార్ గదులు, చిన్న పిల్లలకు భయం కలిగించేలా ఉంటాయి. వాటిని పగటిపూట చూపించండి.

పాత ఆటను పక్కన పెట్టుకుని చూడాలంటే

అటక మీద పాత సీడీ ఇంకా ఉంటే పారేయవద్దు. స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ సీడీలోని ఫైళ్లతో పాత మిస్ట్‌ను నేటి కంప్యూటర్‌లోనూ నడిపిస్తుంది. రీమేక్‌లో ఒక లోకం పూర్తయ్యాక అదే చోటును పాతదానిలో కాసేపు చూడండి. ముందే చూస్తే అసలు జవాబులు మనసులోకి దూరుతాయి. 640 పిక్సెళ్ల వెడల్పున్న తెరలోని ఆ బొమ్మలో మనం చిన్నప్పుడు ఊహించుకున్నదెంత, నిజంగా ఉన్నదెంత అన్నది పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. నాకు కొండంత ఎత్తుగా గుర్తున్న పళ్ల చక్రాలు పాత తెరలో బొటనవేలంత ఉన్నాయి.

మిస్ట్ పూర్తయ్యాక 1997లో అయిదు సీడీల మీద వచ్చిన ‘రివెన్’ వైపు మనసు పోవడం సహజం. దాని రీమేక్ 2024 జూన్ 25న వచ్చింది. అక్కడ మాత్రం పద్ధతి వేరు: సయాన్ అంకెలతో ఆగకుండా పజిళ్లనే చాలావరకు కొత్తగా కట్టింది, కాబట్టి పాత ఆట ఎంత బాగా గుర్తున్నా, పాత పుస్తకంలోని నోట్స్ ఎంత పదిలంగా ఉన్నా వాటిని పక్కన పెట్టి, కొత్త నోట్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. మిస్ట్‌కు వాడిన దానికన్నా కనీసం రెట్టింపు పేజీలున్నది కొనండి.